ఏ జబ్బూ లేని మనిషి

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఫోన్ మాట్లాడుతూ హాల్లో పచార్లు చేస్తాను, చాయ్ తాగుతూ బాల్కనీలో తిరుగుతాను. భోజనం మధ్యలో కూడా రెండుసార్లు లేస్తానని మా ఆయన విసుక్కుంటాడు. కానీ ఆ శనివారం మొదలుపెట్టి నేను తిరిగిన తిరుగుడు అలవాటు కొద్దీ తిరిగింది కాదు. ఒక మనిషికి రోజూ రెండు పూటలా పడవలసిన మాత్ర ఆగిపోయింది. అతను జైల్లో ఉన్నాడు. ఆ మాత్ర అతనికి చేరాలంటే ముందు అతనికి జబ్బు ఉందని రుజువు చేయాలి. ఏ జబ్బూ లేదని ఐదేళ్ళ కిందట రాసిచ్చింది నేనే.

మేముండేది నల్లగండ్లలో. అతను మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పగటి డ్యూటీ సెక్యూరిటీ. పాలమూరు వైపు నుంచి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెకు హైటెక్ సిటీలో మా ఆఫీసు పక్క బిల్డింగులోనే హౌస్‌కీపింగ్ పని దొరికింది. ఇతనికి సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళు ఒక ఇంగ్లీషు ఫారం చేతికిచ్చి నింపుకుని రమ్మన్నారు. దాన్ని పట్టుకుని గేటు పక్కన దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. నేను ఆఫీసుకు బయల్దేరిన దాన్ని ఆగి, కారు బానెట్ మీద ఫారం పెట్టి గబగబా నింపడం మొదలుపెట్టాను. నా ఉద్యోగమే అది. ఒక కంపెనీ హెచ్ఆర్‌లో కూర్చుని కొత్తగా చేరేవాళ్ళ చేత ఫారాలు నింపిస్తాను. ఏ గడిలో ఏం రాస్తే మనిషి ఎక్కడ ఆగిపోతాడో నాకు కంఠతా వచ్చు.

"జబ్బులేమన్న ఉన్నయా?" అని అడిగాను.

"ఫిట్స్ ఉన్నది మేడం. సిన్నప్పటి సంది. రెండు పూటల గోలీ ఏసుకుంటే రాదు. మూడేండ్లాయె రాక."

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. 'లేవు' అని రాశాను. "ఇగ ఎవరడిగినా లేవనే చెప్పు. కాగితం పట్టుకుని అడిగినోళ్ళకు అసలే చెప్పకు," అన్నాను. అతను తల ఊపి దండం పెట్టాడు. ఆ రోజంతా నాకు నేనే భలే పని చేసినట్టు అనిపించింది. పనిచేసి పెట్టడం నాకు ఇష్టం, చేశానని పదిమందికి తెలియడం ఇంకా ఇష్టం. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు.

ఐదేళ్ళు ఏ గొడవా లేదు. తర్వాత ఒక గురువారం నాలుగో అంతస్తులో ఒకరింట్లో బంగారు గాజులు కనబడలేదు. ఆ ఇంటికి పార్సిల్ ఇవ్వడానికి ఆ పొద్దున పైకెళ్ళింది అతనే. పోలీసులు వచ్చి మధ్యాహ్నం గేటు దగ్గరి నుంచే తీసుకెళ్ళారు, మర్నాడు రిమాండుకు పంపారు. తీశాడంటావా అని నన్ను చాలామంది అడిగారు. నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు, కేసు నడుస్తూనే ఉంది. అతను మంచివాడని నేను ప్రమాణం చేయలేను. ఐదేళ్ళు రోజూ గేటు తీసిన మనిషి గురించి నాకు తెలిసింది అతని జబ్బు ఒక్కటే.

శనివారం పొద్దున అతని భార్య మా తలుపు కొట్టింది. లోపలికి రమ్మన్నా రాలేదు. కొంగులోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. దాని మీద విటమిన్ బిళ్ళల బొమ్మ ఉంది.

"గివి ఆయనకు ఎట్లన్న అందియ్యాలె మేడం. గురువారం పొద్దున ఒకటేసుకున్నడు, గంతే. గేటు కాడ రూములనే మరిచిపోయి పోయిండు. ఇయ్యాల్టికి రెండు దినాలాయె."

మూత తీసి చూశాను. లోపల తెల్లటి విడి మాత్రలు, ఒక్కదానికీ స్ట్రిప్ లేదు.

"ఇవి ఏం గోలీలో పేరెట్ల తెల్వాలె? దవాఖాన చీటీ ఏది?"

"పేరుంటే ఎవరన్న సదువుతరని స్ట్రిప్పులు తీసి పారేస్తడు మేడం. చీటీలు సుత చింపేస్తడు. మీరే చెప్పిన్రట గద, ఎవరికి తెల్వనియ్యొద్దని."

తప్పుపట్టినట్టు అనలేదు ఆమె. ఉన్న సంగతి చెప్పింది. రోగం దాచడంలో అతను ఎంత పకడ్బందీగా ఉన్నాడంటే, దాన్ని రుజువు చేసే కాగితం ముక్క ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. ఫిట్స్ మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా మేనత్త కొడుకు ఒకసారి ఇంట్లో పెళ్ళి హడావిడిలో రెండు రోజులు మానేసి బాత్రూంలో పడ్డాడు. తల పగిలి నెల్లాళ్ళు దవాఖానలో ఉన్నాడు.

ఆమెను కారెక్కించుకుని బయల్దేరాను. జైలు ఊరికి అటు చివర. కొత్తగూడ దాటేసరికే గంట గడిచింది. సిగ్నల్ పడిన ప్రతిచోటా స్టీరింగ్ మీద వేళ్ళతో దరువు వేస్తున్నాను. ఆమె డబ్బాను రెండు చేతులతో పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. దారి పొడుగునా ఒక్కటే మాట అడిగింది.

"లోపట పడిపోతే ఎవరన్న చూస్తరా మేడం?"

"చూస్తరు, డాక్టర్లుంటరు," అన్నాను. అప్పటికి నాకేమీ తెలియదు, ఊరికే అనేశాను.

జైలు బయట ములాఖత్ కిటికీ ముందు జనం. మా వంతు వచ్చేసరికి, ఇతను కొత్తగా వచ్చిన ఖైదీ, ఇంకా పేర్లు ఎక్కించే పని అవలేదు, చూడటానికి కుదరదు అన్నారు. మాత్రలైనా తీసుకోమన్నాను. కిటికీ లోపలి కానిస్టేబుల్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏం గోలీలు మేడం ఇవి? పేరు లేదు, డాక్టర్ చీటీ లేదు. రేపేమన్న అయితే ఎవరి మీదికొస్తది?"

నేను గొంతు పెంచాను. మనిషి ప్రాణం, హక్కు, మానవత్వం, నోటికొచ్చినవన్నీ వరసపెట్టాను. అతను విసుక్కోకుండా విని, లోపలికి ఫోన్ చేశాడు. పెట్టేసి నా వైపు తిరిగాడు.

"లోపట అడిగించిన. వచ్చిన దినమే డాక్టరమ్మ పరీక్ష చేసింది, జబ్బులేమన్న ఉన్నయా, గోలీలేమన్న ఏసుకుంటవా అని అడిగింది. ఏమీ లేవన్నడట. కాగితం మీద ఏలిముద్ర సుత ఏసిండు. మేమేం చెయ్యాలె చెప్పున్రి?"

అతని భార్య నా ముఖంలోకి చూసి వెంటనే చూపు తిప్పుకుంది. ఏళ్ళ తరబడి ఒక స్టాంపు తక్కువైందని, ఒక సంతకం లేదని ఉద్యోగాలకొచ్చిన ఎంతమంది పిల్లల్ని వెనక్కి పంపానో నేను. ఆ కిటికీ వెనక నేనున్నా ఆ డబ్బా తీసుకునేదాన్ని కాదు. చివరికి ఒక తెల్లకాగితం అడిగి, ఇతనికి చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది, అడిగితే లేదంటాడు, నమ్మకండి అని రాసి, డాక్టరుకు ఇవ్వమని బతిమాలాను. కాగితం తీసుకున్నాడు.

తిరిగొచ్చే దారిలో ఆమెను గుచ్చి గుచ్చి అడిగితే, మందు ఎక్కడ కొంటాడో బయటపడింది. లింగంపల్లిలో ఒక చిన్న క్లినిక్. ఆ డాక్టరుకు మాత్రం నిజం తెలుసు. నేరుగా అక్కడికే పోయాం. షటర్ దించి ఉంది. పక్క దుకాణమాయన, సోమవారం పదింటికి తీస్తరు అన్నాడు.

ఆదివారం నేను ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కూరగాయలు తరగబోయి వేలు కోసుకున్నాను. జైలు నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తినాయన, మీరు చుట్టమా అని అడిగి, కాదంటే పెట్టేశాడు. మందు లేకుండా రెండు రోజులు గడిచాయి, ఇది మూడోది అని వేళ్ళు మడుస్తూ ఫోన్‌లో అపార్ట్‌మెంట్ గ్రూపు తెరిచాను. అందులో అందరూ అతని గురించే రాస్తున్నారు. మొదటి నుంచీ నాకు అనుమానమేనండి అని ఒకరు. ఇలాంటివాళ్ళకు జైలే సుఖమండి, ఉచితంగా తిండి, ఉచితంగా వైద్యం, మనకన్నా నయం అని ఇంకొకరు. దానికింద నవ్వే బొమ్మలు.

నా ఒళ్ళు మండిపోయింది. నిలబడే టైపు చేశాను. అతనికి చిన్నప్పటి నుంచీ మూర్ఛ జబ్బు ఉంది, రోజూ రెండుసార్లు మందు పడకపోతే ప్రాణానికే ముప్పు, ఇప్పుడు ఆ మందు లేకుండా లోపల ఉన్నాడు, దొంగో కాదో కోర్టు చూసుకుంటుంది, మనం కాస్త మనుషుల్లా మాట్లాడదాం అని రాసి పంపేశాను. ఒక్కొక్కటే దండం పెట్టే బొమ్మలు వచ్చాయి. అయ్యో పాపం అండి, మాకు తెలియదండి అని రాశారు. ఆ రోజు మొత్తంలో అప్పుడొక్కసారి నాకు హాయిగా అనిపించింది. కూర్చుని అన్నం తిన్నాను.

సోమవారం పదింటికి ముందే క్లినిక్ మెట్ల మీద ఉన్నాం. ముసలి డాక్టరు పాత రిజిస్టర్లు తిరగేసి అతని పేరు పట్టుకున్నాడు. మందు పేరు, మోతాదు, ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నాడో రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చాడు. పక్క మెడికల్ షాపులో స్ట్రిప్పులతో సహా మాత్రలు కొన్నాం. కారు పక్కకు ఆపుకుని ఫోన్‌లోనే ఆఫీసు మీటింగులో కలిశాను. కొత్త బ్యాచి కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయని మేనేజర్ అడుగుతుంటే, అన్నీ అయ్యాయి సార్ అని అబద్ధం చెప్పి మ్యూట్ నొక్కాను.

కోర్టులో ఉచితంగా వాదించే వకీలు ఉంటారని ఎవరో చెబితే అటు వెళ్ళాం. చిన్న వయసు అమ్మాయి, నిలబడే ఉత్తరం మొత్తం చదివింది. "రిమాండులో ఉన్నా ట్రీట్‌మెంట్ ఆయన హక్కు మేడం. నేను ఈ రోజే పిటిషన్ ఏస్త. మీరు మాత్రం ఆగకున్రి, ఈ కాగితం తీస్కపోయి జైలు డాక్టర్ చేతుల పెట్టున్రి," అంది. ఆగకండి అనే మాట నాకు చెప్పాలా. మూడింటికి జైలు దగ్గరున్నాం.

ఈసారి డాక్టరే బయటి ఆఫీసు గదిలోకి వచ్చి మమ్మల్ని కూర్చోమన్నారు. నలభై దాటినావిడ, కళ్ళకింద నల్లగా ఉంది. శనివారం నేను రాసిచ్చిన కాగితం ఆవిడ చేతిలో ఉంది. తనకు ఆ పొద్దునే అందిందని చెప్పారు.

"నిన్న మధ్యాహ్నం ఫిట్స్ వచ్చిందండి ఆయనకి," అన్నారు. పక్కన అతని భార్య నా చెయ్యి పట్టుకుంది. "భయపడకండి, ఇప్పుడు బాగానే ఉన్నాడు. నుదుటి మీద కుట్లు పడ్డాయి."

జరిగింది ఆవిడ చెప్పారు. మధ్యాహ్నం ఖైదీల లెక్క చూసుకుని బ్యారక్ తలుపులు వేశాక అతను నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. చుట్టూ ఉన్న ఖైదీలు మంచివాళ్ళే, పక్కకు తిప్పి పడుకోబెట్టారు. అంతలో ఎవరో, చేతిలో ఇనుము పెట్టాలన్నారు. మనవాళ్ళ పద్ధతే అది. ఫిట్స్ వచ్చిన మనిషిని చూస్తే చాలు, ముందు తాళంచెవుల గుత్తి తెచ్చి గుప్పిట్లో పెడతాం. అది వట్టి మాట అని డాక్టర్లు ఎంత మొత్తుకున్నా మానం. కానీ బ్యారక్‌లో ఇనుప ముక్క ఎక్కడిది? ఉన్న తాళంచెవులన్నీ బయట వార్డరు నడుముకు ఉన్నాయి. దాంతో బ్యారక్ బ్యారక్ అంతా ఊచల దగ్గరికి ఉరికి, తాళాలియ్యి సార్, తాళాలియ్యి అని ఒకటే కేకలు. ఖైదీలందరూ ఒక్క గొంతుతో తాళాలు అడిగితే ఏ వార్డరైనా ఏమనుకుంటాడు? ఈల ఊదాడు. లాఠీలు పట్టుకుని ఇంకో నలుగురు వచ్చి, అందరినీ గోడకు జరిపి, సంగతి ఏంటో కనుక్కున్నాకే తలుపు తెరిచారు.

నాకు నవ్వొచ్చింది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. తలుపు తెరిచేదాకా అతను ఆ గచ్చు మీద కొట్టుకుంటూనే ఉన్నాడు.

"తెలివొచ్చాక మళ్ళీ అడిగానండి," అన్నారు డాక్టరు. "నెత్తురు కారుతూనే ఉంది. జబ్బేం లేదు మేడం, ఒక్కపొద్దు ఉన్న, కండ్లు తిరిగినయి అన్నాడు. అప్పటికప్పుడు ఇంజక్షన్ చేసి ఆపాం కానీ, పాత మందు ఏదో తెలియకపోతే ఎలా మొదలుపెట్టను? ఇంత జరిగాక కూడా లేదంటాడేంటండి?"

"కాగితం పట్టుకుని అడిగినవాళ్ళకు చెప్పొద్దని నేనే నేర్పిన," అన్నాను.

ఆవిడ నన్ను కోప్పడలేదు. అది నాకు ఇంకా కష్టంగా తోచింది. ఉత్తరం చదివి మందు పేరు రాసుకున్నారు. "ఇవాళ సాయంత్రం నుంచే ఇస్తాం. ఇంకోమాటండి. ఇది మా ఆస్పత్రి ఫైలు దాటి ఎక్కడికీ పోదు. ఖైదీ అయినా ఆయన జబ్బు ఆయన సొంత విషయం. అవసరం లేనివాళ్ళకి మేం చెప్పం," అన్నారు. నేను బుద్ధిగా తల ఊపాను. ముందు రోజు నేనేం చేశానో ఆ క్షణాన నాకు గుర్తు కూడా రాలేదు.

ఆ వారమంతా తేలిగ్గా గడిచింది. వకీలమ్మ ఫోన్ చేసి, మందు సరిగా ఇస్తున్నారు, కోర్టు కూడా రిపోర్టు అడిగింది అని చెప్పింది. నలుగురికీ ఈ కథ చెప్పుకున్నాను. తాళాల దగ్గరికి వచ్చేసరికి అందరూ నవ్వేవారు. ఆ నవ్వు కోసం అక్కడ కాస్త ఆగి మరీ చెప్పేదాన్ని.

తర్వాతి వారం ములాఖత్‌కు అతని భార్య తన పేరుతో పాటు నా పేరు కూడా రాయించింది. ఆయనే రమ్మన్నడు మేడం, మీతోని మాట్లాడాల్నట అంది. థాంక్స్ చెబుతాడనుకున్నాను. దారిలో, అదంతా ఎందుకు, నేనేం చేశాను అనాలని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

అద్దానికి అటు అతను, ఇటు మేము, మధ్యలో ఫోన్లు. నుదుటి మీద కుట్ల మచ్చ ఉంది కానీ ముఖం తేటగా ఉంది. ముందు భార్యతో మాట్లాడాడు. తర్వాత ఆమె రిసీవర్ నా చేతికిచ్చి వెనక్కి జరిగింది.

"ఎట్లున్నవు? గోలీలు ఇస్తున్నరా?"

"ఇస్తున్నరు మేడం. రెండు పూటల కాంపౌండర్ ముందట్నే మింగాలె. ఒక్కపూట తప్పలే. మీరు ఉరకకుంటే నేను ఆ గచ్చు మీద్నే పోతుంటి." రిసీవర్ ఇంకో చెవికి మార్చుకున్నాడు. "డాక్టరమ్మకు చెప్పిన్రు, మంచిదే. గ్రూపుల ఎందుకు పెట్టిన్రు మేడం?"

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత ఆదివారం నేను పంపిన మెసేజి గుర్తొచ్చింది.

"వాళ్ళు నిన్ను అట్ల ఇట్ల అంటుంటే నాకు కోపమొచ్చింది," అన్నాను.

"మా సూపర్‌వైజర్ సుత ఆ గ్రూపుల ఉన్నడు. మా ఇంటామెకు ఫోన్ చేసిండట. కేసు సంగతి తర్వాత చూద్దామనుకున్నం గని, ఫిట్స్ మనిషిని గేటు కాడ పెట్టుకునుడు కాదన్నడట. దాసిపెట్టి పనిల చేరిండని, ఏరే ఏజెన్సీలోళ్ళకు సుత చెప్పిండట."

"నేను మాట్లాడ్త సూపర్‌వైజర్‌తోని. ఇయ్యాలనే మాట్లాడ్త. అట్లెట్ల తీసేస్తరు? నేను లెటర్ రాస్త..."

"వద్దు మేడం." గొంతు పెంచలేదు. అరచేయి అద్దానికి ఆనించాడు. "మీరు ఇగ ఎవరితోని ఏం మాట్లాడకున్రి."

వెనక నుంచి వార్డరు టైమైందని చెయ్యి ఊపాడు. అతను ఫోన్ పెట్టేయబోయి మళ్ళీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నన్ను ఒక్కమాట అడిగితే అయిపోతుండె గద మేడం. దొంగతనం కేసు కొట్టేస్తే పోతది. ఇది పోదు గద."

అతను లేచాడు. భార్య వైపు చూసి, తిన్నావా అన్నట్టు చేత్తో సైగ చేశాడు, ఆమె తల ఊపింది. తప్పయిందని అప్పుడన్నాను. లైన్ అప్పటికే కట్టయింది.